ముప్పై అయిదో వంతు ట్యాంకు

"టైమ్ రేపు సాయంత్రం దాకా. ప్రశ్నలుంటే ఇప్పుడే అడుగు."

ఈ మాట చెప్పేటప్పటికి చీఫ్ విజయభాస్కర్ పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. డిపార్ట్‌మెంటువారి రహస్య సమావేశ మందిరం కొడవలూరు దగ్గర హైవే పక్కన ఆపివుంచిన చేపల ఐసు వ్యాను. బయటినుంచి చూసేవాళ్లకు అనుమానం రాదు. లోపల కూర్చున్నవాళ్లకు జలుబు వస్తుంది.

"ఒకటే ప్రశ్న సార్," అంది షారన్. "ఇంతమంది ఏజెంట్లుండగా నేనెందుకు?"

అడగాల్సిన ప్రశ్నే. షారన్‌కి ఇరవయ్యేళ్లు. బీయస్సీ ఫైనలియర్. తుపాకి పట్టుకున్న పాపాన పోలేదు. కానీ ట్యాంకులు మాత్రం అరవై తయారుచేసింది. ఒక్కోటి జానెడు పొడవు, ప్లాస్టిక్‌ది, అసలు ట్యాంకులో ముప్పై అయిదో వంతు. ముక్కలు అతికించడం ఎవరైనా చేస్తారు. మెరిసే కొత్త ప్లాస్టిక్‌ని నాలుగు యుద్ధాలు చూసిన ఇనుములా మార్చడం షారన్ విద్య. రంగు ఎక్కడ పెచ్చులూడుతుందో, ఆయిలు ఎక్కడ కారుతుందో, బురద ఎంతవరకు ఎక్కుతుందో ఆమెకు తెలుసు. ఇంటర్నెట్‌లో 'షారన్ థర్టీఫైవ్' అంటే పదకొండు వేలమంది అభిమానులు. నెల్లూరులో వాళ్ల వీధిలో మాత్రం తల్లి రెబెక్కమ్మ ఒక్కర్తికే తెలుసు. ఆమె అభిప్రాయం ఒక ముక్కలో చెప్తుంది: "పెళ్లీడుకొచ్చినా బొమ్మలతో ఆట మానలా."

"ఒక విదేశీ ముఠా నీలాంటి మనిషి కోసం వెతుకుతోంది," అన్నాడు చీఫ్. "ట్యాంకు బొమ్మ ఒకటి చేసిపెట్టమని నీకు మెసేజ్ పెట్టింది వాళ్లే. వెళ్లు. చూడు. వచ్చెయ్. కామాక్షి నీ వెంటే ఉంటుంది."

కామాక్షి డిపార్ట్‌మెంటులో నంబర్ టూ. ఏడు భాషలు, రెండు పిస్టళ్లు. ఐసు దిమ్మ మీద షిఫాను చీరలో కూర్చుని కూడా వణకని మనిషి. ఆవిడ షారన్ చేతిలో ఒక నెయిల్ పాలిష్ సీసా పెట్టింది.

"మూతలో ట్రాన్స్‌మిటర్ ఉంది. ప్రమాదం వస్తే మూత తిప్పి 'ఉప్పు తగ్గింది' అను. పది నిమిషాల్లో మనవాళ్లుంటారు."

ఒంటిగంటకు ఇద్దరూ చిల్లకూరు దాటి సముద్రం వైపు తిరిగారు. మూతబడ్డ రొయ్యపిల్లల హేచరీ ఒకటి ఉంది అక్కడ. లోపలి గదికి కిటికీలు లేవు. సిమెంటు తొట్లు, ఎండిన నాచు వాసన, మధ్యలో ఒక బల్ల, దానిమీద విప్పని ట్యాంకు డబ్బా, రంగులు, కంప్రెసరు, స్ప్రే గన్ను.

షారన్ ముందు నడిచింది. వెనకనుంచి కామాక్షి చెయ్యి చాచి ఆమె బ్యాగులోంచి నెయిల్ పాలిష్ సీసా తీసేసుకుంది.

"ఈ రంగు నీకు నప్పదులే బంగారం."

షారన్‌కి అర్థం కావడానికి రెండు సెకన్లు పట్టింది.

"ఉప్పు తగ్గింది," అంది, పాఠం అప్పజెప్పినట్టు.

"సరిపోయింది," అని కామాక్షి తలుపు దగ్గరికి లాగింది. బయట ఫోనులో ఆవిడ గొంతు తియ్యగా వినిపించింది. "సార్, తడలో ఉన్నాం. అమ్మాయి సేఫ్."

కాసేపటికి మళ్లీ వచ్చింది, పిస్టలుతో, బ్రీఫింగుకి.

"ఎనిమిది నెలల కింద ఈ తీరం జాలర్లు పదకొండు మంది ఇంజను చెడిపోయి పక్కదేశం నీళ్లలోకి కొట్టుకుపోయారు. జైల్లో ఉన్నారు. ఎల్లుండి రెండు దేశాల ఒప్పందం, సంతకాలు, వాళ్ల విడుదల. ఈలోపు ఒక ఫోటో బయటికొస్తుంది. మనవాళ్లు జాలరిపల్లె పక్కన ట్యాంకు దాచిపెట్టిన ఫోటో. సంతకాలు ఆగిపోతాయి. నా క్లయింట్లకు కావలసింది అదే."

"కంప్యూటర్లో చేసుకోవచ్చుగా?"

"చేస్తే ల్యాబులో నిమిషంలో దొరుకుతుంది. నిజం కెమెరా, నిజం ఎండ, నిజం సముద్రం. అబద్ధం ట్యాంకు ఒక్కటే. బొమ్మని లెన్సుకి జానెడు దూరంలో పెట్టి డాబా మీదనుంచి తీస్తే పల్లె పక్కనే నిలబడ్డట్టు ఉంటుంది. రేపు నాలుగింటికి వెలుతురు బాగుంటుంది."

"మరి ఆ పదకొండు మంది?"

"ఎనిమిది నెలలున్నారుగా. అలవాటై ఉంటుంది."

తాళం పడింది. షారన్ తొట్టి గట్టుమీద కూర్చుని లెక్క వేసుకుంది. చెయ్యనంటే, సముద్రం నూరు గజాల్లో ఉంది. చెడగొడితే ఫోటో పంపరు, తానెక్కడుందో లోకానికి తెలియదు, సముద్రం అక్కడే ఉంటుంది. బాగా చేస్తే పదకొండు మంది ఇంటికి రారు. నాలుగు గోడలకూ నాలుగుసార్లు వీపు ఆనించి ఆలోచించాక మిగిలిన దారి ఒక్కటే. బొమ్మ వీళ్లు పంపేంత బాగుండాలి, చూసినవాళ్లు నమ్మనంత తప్పుగా ఉండాలి. ఆ తప్పేమిటో ఏడు భాషలు తెలిసిన కామాక్షికి కనబడకూడదు.

ప్లాస్టిక్ ముక్కలు కత్తిరించడం మొదలుపెట్టింది.

తలుపు దగ్గర కాపలా హజరత్తయ్య. అరవైకి దగ్గర్లో ఉంటాడు. సినిమా సెట్టింగు పని అని చెప్పి తెచ్చారట. చేతిలో కర్ర, మెడలో తువ్వాలు.

"పెదనాయనా, కాస్త చెరువు బురద కావాల. ఎండింది," అంది షారన్.

బక్కెట్టెడు తెచ్చాడు. అందులోంచి గుప్పెడు తీసి, నూరి, అతని తువ్వాలులోనే వస్త్రకాయం పట్టింది. ముఖానికి పూసుకునే పౌడరంత మెత్తగా దిగింది. దాన్ని పల్చటి జిగురుతో బొమ్మ కిందిభాగానికి అద్దుతుంటే హజరత్తయ్య గడప మీద చతికిలబడి చూశాడు.

"కొత్తదానికి బురద పూస్తావుండావే, ఏందికి?"

"పాతదిగా కనపడాల."

"మా ట్రాక్టరుకి ఈ పని ఇరవై రెండేండ్లు చేసినా పాపా. ఒక్కడన్నా మెచ్చుకోలా."

మర్నాడు మధ్యాహ్నానికి రంగు పడింది. ఎండకు వెలిసిన ఆకుపచ్చ. స్పాంజితో అంచుల్లో పెచ్చులు. జవాన్ల బూట్లు తగిలేచోట పెన్సిలు పొడి రుద్దితే ఇనుము మెరిసింది. ఉప్పుగాలి తెల్లచార. షారన్ తన జన్మలో ఇంత మంచి పని చెయ్యలేదు. అదే ఆమె బాధ.

చివరికి మిగిలింది చక్రాలమీద తొడిగే చెయిన్లు. ప్రతి లింకు మీదా వి-ఆకారంలో గాడి ఉంటుంది. దాని మొన ముందుగా నేలను తాకాలి. మొదటి బొమ్మ చేసే పిల్లలందరూ చేసే తప్పు, చెయిన్లు తిరగేసి తొడగడం. అరవై ట్యాంకుల్లో షారన్ ఒక్కసారీ చెయ్యలేదు. వేళ్లు మొరాయించాయి. పళ్లు బిగించి, రెండు వైపులా తిరగేసి తొడిగింది.

మూడున్నరకి కామాక్షి భూతద్దంతో వచ్చింది. నంబరు చూసింది, మేకులు లెక్కపెట్టింది, బురద వాసన కూడా చూసింది. మడిలో ట్రాక్టరు వెనక నడవడం ఒక్కటే ఆవిడ ట్రెయినింగులో లేదు.

"ఫెంటాస్టిక్," అంది.

"మేడమ్," అన్నాడు గడప దగ్గర్నుంచి హజరత్తయ్య. "ఆ చెయిన్లు తిరగబడినాయి."

షారన్ తల ఎత్తకుండా కుంచె కడగడం మొదలుపెట్టింది.

"ఏమిటి?"

"చెయిన్లు మేడమ్. ట్రాక్టరు టైర్లు ఇట్ట తిరగేసి ఏస్తే మడిలో పట్టు దొరకదు. ఉన్నకాడే తిరగతా ఉంటాది."

కామాక్షి భూతద్దం దించింది. ఒక్క క్షణం బొమ్మవైపు చూసింది. తర్వాత హజరత్తయ్య తువ్వాలు వైపు, చెప్పుల్లేని కాళ్ల వైపు చూసింది.

"ట్యాంకుల గురించి నాకు నువ్వు చెప్తావా? కాపలాకి పెట్టుకున్నాం. తలుపు చూసుకో, చాలు."

"నాకేందిలే మేడమ్," అని అతను మొహం తిప్పుకున్నాడు.

డాబా పిట్టగోడ మీద పలక, పలక మీద ఇసుక, ఇసుకలో బొమ్మ. దాన్ని నిలబెట్టడానికి షారన్‌నే పైకి తీసుకెళ్లారు. వెనక దూరంగా పల్లె చర్చి శిఖరం, పడవల వరస. కెమెరా తెర మీద చూస్తే షారన్‌కే ఒళ్లు ఝల్లుమంది. నలభై టన్నుల ట్యాంకు పడవల పక్కన నిలబడివుంది. ఎవరు పడతారు ఇందులో తప్పు?

నాలుగూ పదికి ఫోటో లోకం మీదికి వెళ్లింది.

"సామాన్లు సర్దుకో," అంది కామాక్షి గది తాళం వేస్తూ. "ఆరింటికి బోటు షికారు. రిటర్న్ లేదు."

గదిలో గడియారం లేదు. కంప్రెసరు చప్పుడు తప్ప ఏమీ లేదు. దాన్ని ఆపబుద్ధి కాక, షారన్ స్ప్రే గన్నులో నల్లరంగు నింపి సిమెంటు తొట్టి మీద గీతలు గీస్తూ కూర్చుంది. నమ్మేసుంటారా? ఒక్కరన్నా చూసుండరా? తొట్టి ఒకవైపంతా నల్లగా అయిపోయింది.

తలుపు ధడేల్మని తెరుచుకుంది. కామాక్షి ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో పిస్టలు. మొదటిసారి ఆవిడకు చెమట పట్టింది.

"ఏం చేశావ్? మూడు దేశాల ల్యాబులు ఒరిజినల్ ఫోటో అన్నాయి. తొమ్మిది నిమిషాల్లో పోలండులో ఎవడో 'ఇది బొమ్మ, చెయిన్లు తిరగబడ్డాయి' అని పెట్టాడు. వాడికి పధ్నాలుగేళ్లు! ఇప్పుడు రెండు లక్షలమంది నవ్వుతున్నారు!"

పిస్టలు లేచింది.

"నేను చెప్పినా గదా మేడమ్," అన్నాడు వెనకనుంచి హజరత్తయ్య.

కామాక్షి ఒళ్లుమండి అతనివైపు తిరిగింది. అర సెకను. షారన్ స్ప్రే గన్ను మీట నొక్కింది. నల్లరంగు నేరుగా ఆ అందమైన కళ్లలో పడింది. గుండు పైకప్పుకి తగిలింది. రెండో గుండు పేలకముందే కర్ర పిస్టలు మీద పడింది.

"కాపలానే గదా," అన్నాడు హజరత్తయ్య, పిస్టలుని కాలితో తొట్టి కిందికి నెడుతూ. "చూసుకుంటావుండా."

అప్పుడే గేటు విరిగిన చప్పుడు. ఐసు వ్యాను లోపలికి దూసుకొచ్చింది. చీఫ్ తుమ్ముతూ దిగాడు.

"ట్యాంకు నిజమైతే కెమెరా ఎక్కడైనా ఉండచ్చు," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "బొమ్మ అని తేలాక కెమెరా దాని పక్కనే ఉండాలిగా. చర్చి శిఖరం, పడవల వరస కలిపి గీత గీస్తే ఈ డాబాకొచ్చింది. కామాక్షి మాత్రం అప్పటికీ ఫోన్లో తడలోనే ఉన్నామంటోంది."

మర్నాడు సంతకాలు జరిగాయి. పదకొండు మంది బయల్దేరారని వార్తల్లో చెప్పారు.

ఆ మధ్యాహ్నం చీఫ్ ఫోన్ చేశాడు. "బొమ్మ నువ్వు సరదాకి చేశావు, దాన్ని ఎవరో దొంగిలించి ఫోటో తీశారు. ఇదే నీ కవర్ స్టోరీ. కావాలని తిరగేశానని బతికున్నంతకాలం ఎక్కడా అనకూడదు. అఫీషియల్ సీక్రెట్."

"సార్, కానీ..."

"దేశం కోసం," అని తుమ్మి పెట్టేశాడు.

షారన్ తన పేజీ తెరిచింది. బురద పనితనం చూసి పదకొండు వేలమందీ చెయ్యి ఎవరిదో గుర్తుపట్టేశారు. కింద నాలుగు వందల వ్యాఖ్యలు. అన్నిటికంటే పైన పోలండు కుర్రవాడిది: "పర్వాలేదు, మొదట్లో నేనూ ఇలాగే చేశాను. ఈసారి డబ్బాలో ఇచ్చిన కాగితం చదివి చెయ్యండి."

షారన్ 'కావాలనే' దాకా టైపు చేసి చెరిపేసింది. తర్వాత, దేశభద్రతను దృష్టిలో పెట్టుకుని, "థాంక్యూ తమ్ముడూ, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నా," అని టైపు చేసింది.