అరవై నాలుగో పలక

పదకొండో మనిషి కుర్చీలో కూర్చోగానే కనకరత్నం అతని చెవి వెనక దూదితో తుడిచి, చెవిగూడు మూత తీసి, లోపల జ్ఞాపకాలు దాచే నెమరుపలక మీది అంకె చదివింది. ముప్పై రెండు. తెర మీద పడిన పది ప్రశ్నలూ వరసగా అడిగింది. పోటు మీద కొత్తమేట ఏ చేతి వైపు ఉంటుంది? కాకిలంక మలుపులో ఎన్ని బారల లోతు? ఒక్కో జవాబుకి సగటున నాలుగు సెకన్లు పట్టింది.

మనిషి పేరు లోవరాజు. పెదలంక రేవులో పడవ నడిపే సరంగు. సముద్రం లోపలికి వచ్చి లంకల మధ్య రోడ్లు మునిగిపోయాక బడికైనా ఆస్పత్రికైనా పడవే దిక్కు. ఇసక మేటలు పోటు పోటుకీ జరుగుతుంటాయి కాబట్టి, ఏ పూట ఎక్కడున్నాయో ఆ లెక్కంతా సరంగుల పలకల్లోకి ఎక్కిస్తారు. ఎక్కించింది మూడు సెకన్లలో గుర్తు రాకపోతే చుక్కాని పట్టనివ్వరు. గుర్తొస్తుందని పత్రం ఇచ్చేది ఈ కేంద్రమే. లోవరాజు పాత పత్రానికి ఆ రోజుతో గడువు సరి.

ఆమె డబ్బాలోంచి కొత్త పలక తీసింది. దాని మీద అరవై నాలుగు అని బంగారు రంగులో అచ్చేసి ఉంది. పాతదానిలో ఉన్నదంతా కొత్తదానిలోకి దిగడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటా లోవరాజు ఊరుకోలేదు. తన ఇరవై ఆరేళ్ల పడవ బతుకంతా చెప్పాడు. ఇంట్లో ఆవిడ కళ్లజోడు ఎక్కడ పెట్టి మరిచిపోయిందో కూడా ఇకమీదట తనే చెప్పేస్తానని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అడిగాడు.

"నిజంగానే వేగం రెండింతలవుద్దాండీ?"

దానికి చెప్పాల్సిన జవాబు కేంద్రం వాళ్లు నేర్పిందే ఉంది. 'మీకే తెలుస్తుందండీ' అనాలి. రెండేళ్లుగా ఆమె అదే అంటోంది. ఇవాళ నోరు రాలేదు.

ఆమెకు తెలిసిన సంగతి చిన్నదే. పలక మీద అంకె అది ఎంత వేగం తట్టుకోగలదో చెబుతుంది. దాన్ని నడిపించేది మాత్రం చెవిగూడు. చెవిగూడు లయను ముప్పై రెండు దగ్గర ముద్ర వేసి ఉంచుతారు. ముద్ర విప్పని గూటిలో అరవై నాలుగో పలక కూడా ముప్పై రెండు మీదే నడుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో తడబడకుండా ఉంటుందేమో, అంతవరకే. మరి పత్రం మీద వేగం ఎలా పెరుగుతోందంటే, పలక మార్చాక మళ్లీ ఆ పది ప్రశ్నలే అడుగుతారు. పావుగంట క్రితం వెతికి చెప్పిన జవాబు ఎవరికైనా నాలుక చివరనే ఉంటుంది.

ఇరవై రోజుల క్రితం, పత్రంలో రెండు పాయింట్ ఎనిమిది సెకన్లు అని ఉన్న సరంగు ఒకడు పడవను కొత్తమేట మీదికి ఎక్కించాడు. ముగ్గురు పోయారు. మేట ఎక్కడుందో తనకు తెలుసనీ, అయితే పడవ తగిలాక గుర్తొచ్చిందనీ విచారణలో చెప్పాడట. ఆ పత్రం కింద సంతకం కనకరత్నానిదే.

కొత్త పలకలోకి అంతా దిగినట్టు గంట మోగింది. ఆమె దాన్ని గూటిలో పెట్టింది. తెర మీదికి ఆ పది ప్రశ్నలే వచ్చాయి. ఆమె తెరను పక్కకు తిప్పి, లోవరాజుకి గొంతు తగ్గించి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. అతను చెవిగూడు తడుముకున్నాడు. ఆ ముద్రేదో విప్పెయ్యలేరా అని అడిగాడు. విప్పితే తలలో వేడి పుడుతుందనీ, అలా విప్పించుకున్న ఇద్దరిని తాను చూశాననీ, జ్వరం దిగాక వాళ్లకు సొంత ఊరి పేరు కూడా మిగల్లేదనీ ఆమె చెప్పింది.

"ఇప్పుడు ఇయ్యే పదీ అడిగితే నేను పాసైపోతానన్నమాట."

"అయిపోతారండి."

"సాయంత్రం పడవకి అరవై మంది ఎక్కుతారు."

ఆమె రేవు వైపు చూసింది.

"ఏరు అడిగిందే అడగదు కదండీ," అన్నాడు లోవరాజు. "కొత్తవి అడగండి. మెల్లిగా మాత్రం వద్దు. మా ఆవిడ దెబ్బలాటలో అడుగుద్దే, అలా అడగండి."

ఆమె రోజూ పడవ మీద వచ్చే మనిషే కాబట్టి ప్రశ్నలకు వెతుక్కోనక్కర్లేకపోయింది. పది అడిగింది. సగటు నాలుగు. అంకె చూడకముందే అతను తల ఊపాడు.

యంత్రం ఒప్పుకోలేదు. 'కొత్త పలక, పాత వేగం. కొలతలో పొరపాటు. తిరిగి అడగండి' అని రాసింది. కింద కారణం రాయడానికి ఒక గడి ఉంది. అందులో ఎవరూ ఎప్పుడూ ఏమీ రాసింది లేదు. కనకరత్నం ఒక్కొక్క అక్షరమే కొట్టింది. 'ప్రశ్నలు మార్చాను. వేగం మారలేదు.'

కాసేపటికి యంత్రం ఇంకో మాట అడిగింది. 'ఒకే ప్రశ్నలతో ఇచ్చిన పత్రాలు రెండు వందల పన్నెండు. వాటిని నిలిపివేయాలా?'

అద్దాల గదిలో ఉన్న పై అధికారి బుల్లియ్యకి కూడా అది కనబడినట్టుంది. గబగబా వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. వద్దని కొట్టెయ్యమన్నాడు. పాతవే మళ్లీ అడిగితే పని అయిపోతుందన్నాడు. ఆమె కదలకపోయేసరికి గొంతు మార్చాడు.

"అన్ని పడవలూ ఆగిపోతే ఆస్పత్రికెళ్లేవాళ్ల సంగతేంటమ్మా? నీ మూలంగా ఒక్కడు పోయినా నీకు నిద్ర పడుద్దా?"

"ముగ్గురు పోయారండి," అంది కనకరత్నం. అవును అన్నచోట నొక్కింది.

ఏటి మీదికి కబురు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. దగ్గరి ఒడ్డుకు చేరి ఆగమని ప్రతి సరంగుకీ చెవిలో పడి ఉంటుంది. ముందు రేవులో ఉన్న ఇంజను ఆగింది. తర్వాత దాని అవతలిది. కేంద్రం ముందు వరసలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఏటి వైపు తిరిగారు. బుల్లియ్య ఫోను మోగుతూనే ఉంది. అతను తీయలేదు.

లోవరాజు కుర్చీలోంచి లేవలేదు. చెవి ఒగ్గి వింటూ, ఆగిన ఇంజను ఎవరిదో పేరుపేరునా చెబుతున్నాడు. దూరంగా ఒక్కటి మాత్రం ఇంకా మోగుతోంది, మేటల మధ్య ఎక్కడో.

"అదెవరిదండీ?" అని అడిగింది కనకరత్నం.

అతను కళ్లు మూసుకున్నాడు. "ఉండండి," అన్నాడు. "గుర్తొస్తాది."

ఆమె గడియారం వైపు చూడకుండా అతని పక్కనే నిలబడి, ఆగింది.