గొట్టం మిల్లు దగ్గర నాలుక చప్పుడు

మామిడికుదురు దాటి కాలవగట్టు పట్టుకుని తూర్పుగా పోతే గొట్టం మిల్లు వస్తుంది. ఒకప్పుడు అది ఉప్పుడు బియ్యం మిల్లు. కప్పు కూలి చాలా కాలమైంది. ఇప్పుడు మిగిలింది ఇటుకల పొగగొట్టం, దాని అడుగు నుంచి పాత బాయిలరు గది దాకా నేలలో పోయే సొరంగం, అంతే. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ గట్టు మీద సైకిలు కూడా కదలదు.

అక్కడి దెయ్యం ఎవరినీ పట్టదు. తరమదు. పేరు పెట్టి పిలవదు.

జాలిపడుతుంది.

పూర్వం ఆ బాయిలరు దగ్గర ధాన్యం ఉడకబెట్టే మరిడమ్మ అనే ఆవిడ ఉండేదట. ఎవరి కష్టం చెవిన పడినా నాలుకను అంగిలికి కొట్టి "ప్చ్... ప్చ్" అనేదట. ఒకరోజు ఆ సొరంగం నోటి దగ్గరే కూలబడి ప్రాణం విడిచిందట. చీకటి పడ్డాక అటు వెళ్ళినవాళ్ళకు ఇప్పటికీ ఆ చప్పుడు వినిపిస్తుందంటారు — జంటగా, తడిగా, చెవి పక్కనే. మరిడమ్మ ఎవరిని చూసి జాలిపడితే వాళ్ళ ఇంట్లో ఏదో జరగబోతోందని అర్థం.

"దెయ్యం తిడితే తాయెత్తు కట్టుకుంటామండీ... జాలిపడితే ఏం కట్టుకుంటాం?" అంటారు ఆ చుట్టుపక్కలవాళ్ళు.

కిందటేడు ఈ కథలో కొత్తగా ఒక మనిషి చేరింది. మిల్లు జాలిపడిన టీచరమ్మ. సాలమోను గారు భరించలేకపోయింది ఆ ఒక్క మాటనే.

ఎందుకంటే ఆ టీచరమ్మ ఆయన భార్య, ప్రసన్నకుమారి.

ఇద్దరూ అమలాపురంలో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పేవారు. గబ్బిలాల పిచ్చి ఆమెది. వాటిని పట్టడానికి ఆమె వల కడితే రెండో గడ పట్టుకోవడం ఈయన పని. మిల్లు పక్కన జగ్గయ్య కౌలుకు చేస్తున్న అరటితోటలో కిందటేడు ఒక రాత్రి ఇద్దరూ వల కట్టారు. గబ్బిలం ఒకటి పడింది. చిక్కు విప్పుతూ ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది... సన్నగా సాగిన మూతి చూసింది... అంతలోనే అది జారిపోయింది.

"తేనె గబ్బిలమండీ!" అంది ఆమె, ఖాళీ చేతిని అలాగే చాపి ఉంచి.

తేనె తాగే గబ్బిలాల్లో ఇది గుహల్లో ఉండే జాతి. ఇయోనిక్టెరిస్ అంటారు. కోనసీమలో దాన్ని ఎవరూ చూడలేదు. ఆమె హైదరాబాదుకు ఫోను చేస్తే అక్కడి పెద్దలు మర్యాదగానే నవ్వారు. "డెల్టాలో గులకరాయి దొరకదు కదమ్మా, గుహ గబ్బిలం ఎక్కడిది? మీరు చూసింది మామూలు పండ్ల గబ్బిలం, రౌసెట్టస్. చేతిలో ఉంటే చెప్పండి."

ఆమె చేతిలో లేదు. ఆ వానాకాలం జ్వరంతో ఆమే లేకుండా పోయింది. అప్పటి నుంచి ఆ ఊళ్ళలో ఆమె పేరు కోనసీమకు కొత్త జాతిని చూసిన మనిషిగా కాక, దెయ్యం జాలిపడగా పోయిన మనిషిగా నిలిచిపోయింది.

మిల్లు ఆసామి వీర్రాజు గారు ఇటుకలు అమ్మేశారని, మర్నాడు పొద్దున్నే పొక్లెయిన్ వస్తుందని తెలిసినప్పుడు, సాలమోను గారు ఆమె వలను అటక మీద నుంచి దింపారు. సొరంగం కూలితే దాన్నే గుహ చేసుకుని బతికే గబ్బిలాలు చెదిరిపోతాయి. ఆ తరువాత ఆమె మాట నిజమని చూపడానికి ఏమీ మిగలదు.

ఆయన తోటకు చేరేసరికి పొద్దు గుంకుతోంది. జగ్గయ్య గట్టు మీదే నిలబడి ఉన్నాడు.

"గబ్బిలాల కోసం ఇస్త్రీ చొక్కా ఏటండీ మాస్టారూ? పెళ్ళిచూపులకొచ్చినట్టు వచ్చేరు."

"ఉన్న చొక్కాలన్నీ ఆవిడ ఇస్త్రీ చేయించి పెట్టినవేనయ్యా. ఇంకా అయిపోలేదు."

జగ్గయ్య గడలు భుజాన వేసుకుని ముందు నడిచాడు. తోటంతా గెలలు దిగగానే పువ్వులు కోసేశారు. మిల్లు వైపు చివరి వరసల్లో మాత్రం గెల గెలకీ కింద ఊదారంగు పువ్వు వేలాడుతూనే ఉంది.

"ఇక్కడ కొయ్యలేదేం?"

"కూలీలు రారండీ. మరిడమ్మ వరసలంటారివి. పట్టపగలు కూడా రారు."

"అందుకే కదయ్యా గబ్బిలాలు ఇక్కడికే వస్తున్నాయి! భయపడి మీరు పువ్వులు వదిలేస్తారు. తేనె కోసం అవి వస్తాయి. వాటి చప్పుడు విని మీరు మళ్ళీ భయపడతారు."

"ఆయ్." జగ్గయ్య గడ పాతి చుట్టూ మట్టి తొక్కాడు. "చదువుకున్నోరు... తవరు చెప్పింది నిజమేనండీ." గొంతు తగ్గించాడు. "మరి అమ్మగారో?"

సాలమోను గారు వల సంచి ముడి విప్పారు.

రెండు గడల మధ్య సాలెగూడంత సన్నని నల్లదారం వల లేచింది. అవతలి గడ తాడును కింద మేకుకు ఆయనే స్వయంగా కట్టారు. లాగినకొద్దీ బిగిసే ముడి. వెలుగు తగ్గుతుంటే జగ్గయ్య కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డాడు.

"వంతెన అవతల మోటారు షెడ్డులో ఉంటానండీ. కేకేస్తే వినపడుద్ది... వస్తానని మాత్రం అనలేనండీ."

"వెళ్ళిరా."

అతను వెళ్ళిన దారిలో అరటాకులు కాసేపు ఊగి, ఆగిపోయాయి.

సాలమోను గారు ఇవతలి గడ దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. తలకు కట్టుకున్న లైటు ఆర్పేశారు. చీకటి మొదట ఆకుల మీద, తరువాత కాలవ మీద, చివరికి తన చేతుల మీద పడింది.

అప్పుడు మొదలైంది.

సొరంగం నోట్లోంచి —

ట్చ్-ట్చ్.

ట్చ్-ట్చ్... ట్చ్-ట్చ్.

జంటగా. తడిగా.

ఆయనకు భయం వేయలేదు. నవ్వొచ్చింది. అవి రౌసెట్టస్ గబ్బిలాలు. నాలుకను అంగిలికి కొట్టి, ఆ చప్పుడు గోడకు తగిలి తిరిగొస్తే దాన్నిబట్టి చీకట్లో దారి చూసుకుంటాయి. ఆ పని నాలుకతో చేసే గబ్బిలాలు అవే. "మరిడమ్మకి రెక్కలున్నాయి జగ్గయ్యా!" అని ప్రసన్న ఇక్కడే నవ్వింది.

ఆమె పాఠం చెప్పే తీరు గుర్తొచ్చింది. పొడుగు నాలుకలున్న తేనె గబ్బిలాలన్నింటినీ పూర్వం ఒకే శాఖగా కట్టేశారని చెప్పి, పిల్లల వైపు తిరిగేది. "పనసపొట్టు కూర ఇష్టమైనవాళ్ళందరికీ ఒకటే ఇంటిపేరుంటుందా? తేనె పువ్వు లోతుల్లో ఉంది కాబట్టి నాలుక సాగింది. ఒక ఇంట్లో కాదు, వేరువేరు ఇళ్ళలో, ఎవరి అవసరానికి వాళ్ళకి! డీఎన్ఏ చదివి చూస్తే ఏం తేలింది? ఇయోనిక్టెరిస్‌కి దగ్గర చుట్టం మిగతా పొడుగు నాలుకలవి కావు. మొద్దు మూతి రౌసెట్టస్. ఒకే ఇంట్లో పుట్టి ఒకటి నాలుకతో చప్పుడు చేస్తుంది, ఒకటి చెయ్యదు. అంతే తేడా."

చప్పుళ్ళు ఆయన తల మీదుగా తోటలోకి సాగి, పలచబడి, ఆగిపోయాయి.

తరువాత ఏమీ లేదు. పువ్వు రేకు ఒకటి ఊడి ఎండాకుల మీద పడింది. కాలవలో ఏదో మునిగింది. చాలాసేపు ఇంకేమీ లేదు...

ట్చ్-ట్చ్.

ఈసారి సొరంగం వైపు నుంచి కాదు. పైనుంచీ కాదు.

అవతలి గడ దగ్గర నుంచి.

వల కట్టిన రాత్రుల్లో భార్యాభర్తలు లైటు వేసుకునేవారు కాదు, మాట్లాడుకునేవారు కాదు. మనిషి గొంతు వింటే గబ్బిలాలు దారి మళ్ళుతాయి. అందుకని ప్రసన్న గబ్బిలాల దగ్గరే ఒక భాష నేర్చుకుంది. అవతలి గడ దగ్గర నిలబడి నాలుకతో రెండుసార్లు కొట్టిందంటే — పడింది, రండి.

"రౌసెట్టస్," అని ఆయన పెదవులు కదిపారు. "ఇంకో రౌసెట్టస్. అంతే."

ట్చ్-ట్చ్.

ఎగిరే గబ్బిలం చప్పుడు కదలాలి. దగ్గరవాలి, లేదా దూరమవాలి. ఇది అక్కడే ఉంది. మనిషి నోరు ఉండే ఎత్తులో... ఆగి ఆగి... ఓపికగా.

ఆయన లేచారు. ఒక చేత్తో వలను తడుముతూ చీకట్లో నడిచారు. సగం దూరంలో దారం వణుకుతూ తగిలింది. నిజంగానే పడింది.

చేతికి తోలు తొడుగు వేసుకుని, లైటు వెలిగించి, వెలుగును చేతుల మీదికే వంచారు. గబ్బిలం దారాల్లో గట్టిగా చుట్టుకుపోయి ఉంది. ముందు కాళ్ళు విడిపించారు, తరువాత ఒక రెక్క, తరువాత రెండోది. ఆమె నేర్పిన వరసలోనే. మూతి సన్నగా ఉంది. కాని మూతి చూసి మోసపోవచ్చు. హైదరాబాదు పెద్దలు అన్నదీ అదే. రౌసెట్టస్‌కు రెక్క అంచున చూపుడువేలికి చిన్న గోరుంటుంది. ఇయోనిక్టెరిస్‌కు ఉండదు. ఆ వేలు అబద్ధమాడదు.

ఆయన రెక్కను మెల్లగా విప్పి, వేలి కొసను వెలుగులోకి తెచ్చారు.

గోరు లేదు.

రెండో రెక్క చూశారు. లేదు.

గబ్బిలం భయపడి నాలుక చాచింది. సన్నని నాలుక... సాగి, సాగి, తొడుగు మీద అంటిన అరటిపువ్వు పుప్పొడిని తాకింది.

"ప్రసన్నా," అన్నారు ఆయన. "నువ్వే కరెక్టు."

ఫోను తీసి వేలు ఫొటో తీశారు, మూతి తీశారు, నాలుక తీశారు. దాని ముంజేయి పొడవు కొలిచారు. ఇక ఎవరూ నవ్వలేరు. దాన్ని గెల మీద ఉంచి చెయ్యి వదిలారు. అది ఒక్క క్షణం వేలాడి, ఎగిరిపోయింది.

చప్పుడు లేకుండా.

అప్పుడు ఆయనకు తట్టింది.

ఇది నాలుకతో చప్పుడు చేసే జాతి కాదు. రెక్కలతో ఏదో సన్నని చప్పుడు చేస్తుందంటారు — కాని దాని రెక్కలు వలలో బిగుసుకుపోయి ఉన్నాయి. పైగా అది చిక్కుకున్నది వల నడుమ. పిలుపు వచ్చింది అవతలి గడ దగ్గర నుంచి.

వల పక్కన ఆయన కదలకుండా నిలబడిపోయారు. తల కొంచెం ఎత్తితే చాలు, లైటు ఆ గడ మీద పడుతుంది. ఎత్తలేదు. చెయ్యి పైకెత్తి లైటు ఆర్పేశారు.

చీకట్లో ఎవరో ఎదురు చూస్తున్నట్టుంది.

దేనికోసమో ఆయనకు తెలుసు. పడిన గబ్బిలాన్ని చూసి వదిలేశాక, రాత్రి పని ముగిసిందని చెప్పవలసింది ఈయనే. నాలుకతో ఒక్కసారి — అయింది, వల దింపు, ఇంటికి పోదాం. ఆ ఒక్క చప్పుడు వినేదాకా ప్రసన్న అక్కడి నుంచి కదిలేది కాదు. వాన పడినా, దోమలు పీకినా కదిలేది కాదు.

ఆస్పత్రిలో చివరి రాత్రి ఆమె కళ్ళు మూసుకునే అడిగింది. "ఇంక వెళ్ళనా అండీ?"

ఈయన ఆమె చెయ్యి పట్టుకుని, "ఉండు," అన్నారు. మళ్ళీ మళ్ళీ అదే మాట అన్నారు. తెల్లారేసరికి ఆ చెయ్యి చల్లబడింది. ఈయన మాత్రం ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

వంతెన అవతల నుంచి జగ్గయ్య కేక సన్నగా వినిపించింది. "మాస్టారూ... బాగానే ఉన్నారా అండీ?"

ఆయన నాలుకను అంగిలికి ఆనించారు. నోరు ఎండిపోయి ఉంది. మొదటిసారి చప్పుడు రాలేదు. గుటక మింగి, కళ్ళు గట్టిగా మూసుకుని —

ట్చ్.

ఒక్కసారే.

గాలి లేదు. ఆకు కదలలేదు.

అవతలి గడ దగ్గర మేకు మీద ముడి వదులైన చప్పుడు. తాడు గడ వెంట సర్రున జారలేదు. ఎవరో చేతుల మధ్య నుంచి కొంచెం కొంచెంగా వదులుతున్నట్టు జారింది. వల ఆ కొస నుంచి మెల్లగా, ఒక్క పువ్వుకూ చిక్కుకోకుండా, ఆయన పాదాల పక్కగా నేల మీదికి దిగింది.

సాలమోను గారు లైటు వేయలేదు. చీకట్లోనే తన గడ దగ్గరికి వెనక్కి నడిచి, తన వైపు తాడు విప్పారు.