మూల మంచం కాడి రెండో అమ్మ

ఆ దవాఖానలో కిటికీ పక్క మూల మంచం ఇస్తమంటే ఎవరూ తీసుకునేవాళ్ళు కాదట. కింద చాప ఏసుకుని పండుకుంటం గానీ ఆ మంచం వద్దని డాక్టరు కాళ్ళు పట్టుకునేవాళ్ళు. వరంగల్‌లో నిజాం రాజ్యం ఇంకా నడుస్తున్న రోజుల మాట ఇది. అప్పటికి అది పిల్లల వార్డు. అంతకు ముందు కాన్పుల వార్డు. రోగులు మారిండ్రు, మంచాలు మారలేదు. ఆ మూల మంచం మీద ఒకామె కాన్పు కష్టమై, కడుపులో బిడ్డతోటే పోయింది. దీపం తగ్గించినంక ఆమె ఇంకా పిల్ల కోసం దేవులాడుతదని ఆయాలు చెప్పుకునేవాళ్ళు...

పోయినామె పేరు రాజక్క. మట్టెవాడలో మగ్గం నేసే పర్శరాములు మొదటి భార్య.

అతని రెండో భార్య మల్లవ్వ. ఆమె పక్కింట్లో ఉండే మొగిలమ్మ నాకు చెప్పింది ఇదంతా.

రెండో భార్యగా పోయిన ఆడమనిషి, చనిపోయిన మొదటామె పేరున చిన్న వెండి బిళ్ళ మెడలో కట్టుకునేది అప్పట్లో. పొద్దున లేచి ముందు ఆ బిళ్ళకు బొట్టు పెట్టి, తర్వాతనే తన నొసట పెట్టుకోవాలె. కొత్త చీర వస్తే ముందు ఆ బిళ్ళకు తాకించాలె. మల్లవ్వ రెండేండ్లు చేసింది. చేసినన్ని దినాలూ లోపల మండుతనే ఉన్నది. మొగడు నా మొగడు, ఇల్లు నా ఇల్లు, మొదటి బొట్టు మాత్రం దానికా... కొడుకు పుట్టినంక, పురుటి నీళ్ళు పోసుకున్న నాడే, ఆ బిళ్ళ తెంపి మగ్గం గుంటలో పూడ్చేసింది. కన్నది తను. ఇంక తనకంటే ముందు ఎవరూ లేరనుకున్నది.

కొడుక్కు నాలుగేండ్లు వచ్చినయి. పేరు మొండయ్య. టైఫాయిడ్ పట్టుకున్నది. దవాఖానకు ఎత్తుకొస్తే ఖాళీగా ఉన్నది ఆ ఒక్క మంచమే.

మందు కంటే బార్లీ నీళ్ళే పిలగాణ్ణి నిలబెడతయని నర్సమ్మ గట్టిగ చెప్పింది. కానీ మల్లవ్వ గిన్నె పడితే వాడు పండ్లు బిగబట్టేటోడు. బతిమాలింది, బెదిరించింది. నోట్లో పోస్తే కక్కేసిండు. రెండు దినాలు అట్లనే. మూడో రాత్రి ఏడ్చి ఏడ్చి, మంచం పట్టెకు తల ఆనించి నిద్రపోయింది.

తెల్లారి చూస్తే... గిన్నె ఖాళీ.

పిలగాడి పెదవులు తడిగ ఉన్నయి. ఎవరు తాపిండ్రు బిడ్డా అంటే, కిటికీ దిక్కు చూసిండు.

"ఇంకో అమ్మ."

ఆ రాత్రీ అంతే. మర్నాటి రాత్రీ అంతే. ఎంత ఆపుకున్నా తెల్లవారుజామున మల్లవ్వకు కన్ను మూతపడేది. లేచేసరికి గిన్నె ఖాళీ. జ్వరం మెల్లగ దిగుతున్నది. నర్సమ్మ సంబరపడి, తల్లంటే ఇట్లుండాలె అని వార్డంతా వినపడేటట్టు మెచ్చుకున్నది. ఆ మెప్పు మల్లవ్వకు చెంపదెబ్బ లెక్క తాకింది.

భయపడాల్సింది... భయం రాలేదు. కడుపు రగిలింది. నా చేతి నీళ్ళు కక్కుతడు, సచ్చినదాని చేతి నీళ్ళు తాగుతడు. పొద్దంతా నేను ఒళ్ళు తుడిస్తే, రాత్రి అది వచ్చి అమ్మ అనిపించుకుంటది.

ఆరో రాత్రి ఆమె ఒక పని చేసింది. గిన్నె తీసి కొంగు కప్పి, మంచం కింద దాచిపెట్టింది.

తెల్లారేసరికి పిలగాడి ఒళ్ళు పెనం లెక్క కాలిపోతున్నది. నాలుక ఎండి, మాట రాక, కిటికీ దిక్కే చూస్తున్నడు.

డాక్టరు తల అడ్డంగ ఊపి పోయిండు. మల్లవ్వ తన రెండు చేతుల దిక్కు చూసుకున్నది. ఎవరి మీద పంతం ఇది, ఎవరిని ఎండబెట్టిన నేను... అనుకున్నది.

ఏడో రాత్రి గిన్నె నిండుగ పోసి, కిటికీ దగ్గర పెట్టింది. పంటితో పెదవి కొరుక్కుంటూ, కన్ను మూయకుండ, గోడ పక్కన ముడుచుకుని కూసున్నది.

దీపం తగ్గించిండ్రు. కుక్కలు మొరిగి ఊరుకున్నయి...

తలుపు కిర్రుమన్నది.

నెత్తి మీద కొంగు కప్పుకున్న ఆడమనిషి. అడుగుల చప్పుడు లేదు. తిన్నగ మూల మంచం కాడికే వచ్చింది. గిన్నె అందుకున్నది. పిలగాడి మెడ కింద చెయ్యి పెట్టి లేపింది. వాడు గుటక ఏసిండు... ఇంకో గుటక...

మల్లవ్వ ఒక్క ఉదుటున లేచి ఆ చెయ్యి పట్టుకున్నది.

చల్లగ లేదు. వెచ్చగ, గరుకుగ, ముసలి చెయ్యి.

కొంగు జారింది. సమ్మమ్మ. రాజక్కను కన్న తల్లి. కొడుకు పుట్టినంక ఆమెను గడప తొక్కనియ్యలేదు మల్లవ్వ.

"పెదవులు ఎండిపోయినయి బిడ్డా... తాపిన. కోపం చెయ్యకు" అన్నది ముసలమ్మ గుసగుసగ.

దెయ్యం కాదు. మనిషే. మల్లవ్వకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలేదు.

"రోజూ నువ్వేనా అవ్వా వచ్చింది? మొన్నా, అటుమొన్నా..."

సమ్మమ్మ ఆమె ముఖం దిక్కు అట్లనే చూసింది.

"నాకు ఇయ్యాల మాపటికే తెలిసింది గద బిడ్డా, పిలగానికి బాగలేదని. ధర్మసాగరం నుంచి నడిచి ఇప్పుడే వస్తున్న."

కిటికీ రెక్క కదలకుండ ఉన్నది. పిలగాడు కండ్లు మూసుకుని, కిటికీ దిక్కు చెయ్యి చాపి పండుకున్నడు.

మల్లవ్వ దాచుకోకుండ అంతా చెప్పింది. ఖాళీ గిన్నె, ఇంకో అమ్మ, తను చేసిన పాపం. చెప్తుంటే ముసలామె భయపడలేదు. ఇంకా దగ్గరికి జరిగింది.

"నా బిడ్డ... నా గురించి ఏమన్న అడిగిందా?"

మల్లవ్వ చాప మీద పక్కకు జరిగింది. సమ్మమ్మ వచ్చి కూసున్నది. తెల్లారి నర్సమ్మ వచ్చి చూసేసరికి పిలగాడికి జ్వరం దిగి, ఊపిరి నిదానంగ ఆడుతున్నది. ఆడవాళ్ళిద్దరూ మంచానికి ఆనుకుని నిద్రపోతున్నరు... మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగ విడిచి.