కావ్య నింపిన డబ్బా

మందమర్రిలో నాలుగు రోజులుగా ఒకటే ముసురు. బడి నుంచి వస్తూనే కావ్య బ్యాగు విసిరేసి, బకెట్టుతో నీళ్లు తెచ్చింది. తాత మంచం పక్కనున్న కొత్త మిషన్ కింది డబ్బాను బయటికి లాగింది.

"ఓయమ్మో! సగమే ఉన్నయే!"

చెంబుతో అంచుదాకా నింపి మళ్లీ లోపలికి తోసింది. ఎండాకాలమంతా ముందు గదిలోని కూలర్‌కు నీళ్లు పోసింది కావ్యే మరి! ఆ పని ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు. నిన్న వచ్చిన ఈ మిషన్ కూడా కూలర్‌కు చెల్లెలే అనుకుంది. దాని పేరు డీహ్యూమిడిఫైయర్. ఆ పేరు నోరు తిరిగితేగా, అదెందుకో అడగడానికి!

టక్కున ఎర్ర లైటు వెలిగింది. మిషన్ చప్పుడు ఆగిపోయింది. "కడుపు నిండింది" అనుకుని కావ్య ఆటకు పరుగెత్తింది.

తిరిగి వచ్చేసరికి తాత మొండయ్య మంచం మీద కూర్చొని దగ్గుతున్నాడు. ముప్పై ఏళ్లు బొగ్గు బావిలో పనిచేసిన ఛాతీ అది. ఏసీ నడుస్తూనే ఉంది. అయినా గోడకు చెమ్మ, దుప్పటి తడితడిగా ఉంది.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన బాపు రాజ్‌కుమార్ వైరు పీకి, డబ్బా లాగి చూశాడు. నోరు తెరిచాడు.

"ఏందిది! పొద్దుగాలనే పారబోసిన గదనే! గప్పుడే నిండిందా?"

"గిన్ని నీళ్లా!" కావ్య తల్లి జ్యోతిరాణి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఏసీ చల్లగ చేస్తది గాని, గీ ముసురుల తడంత గుంజలేదు. గిది గాలిల తడి గుంజి డబ్బాల నింపుతది. నిండితే ఆగుతది. గింత జల్ది నిండుడేంది? కరాబైంది. దుకాణంల వాపస్ ఇచ్చొస్త."

కావ్య తను తెచ్చిన బకెట్టు వైపు చూసింది. అంటే నీళ్లు పోసేది కాదా? బాపు మిషన్ ఎత్తుకున్నాడు. తాత మళ్లీ దగ్గాడు.

"బాపూ, ఆగు! అది కరాబు కాలే. నేనే నింపిన. కూలర్ లెక్క అనుకున్న."

బాపు మిషన్‌ను కింద పెట్టాడు. తాతకు దగ్గులోనే నవ్వొచ్చింది.

"ఆరేసిన బట్టల మీద నీళ్లు చల్లినట్టే చేసినవ్ గద బిడ్డా!"

కావ్య ఏడుస్తూనే డబ్బా పారబోసి వచ్చింది. బాపు వైరు పెట్టాడు. మిషన్ మళ్లీ మొదలైంది.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి ఎర్ర లైటు వెలుగుతోంది. కావ్య ఈసారి బకెట్ తేలేదు.

"తాతా, పారబోయాల్నా?"

"ఆఁ. జర మెల్లగ గుంజు."

లాగింది. డబ్బా అంచుదాకా నిండి ఉంది! తను ఒక్క చుక్క కూడా పోయలేదు.

"తాతా, గీ నీళ్లన్ని నువ్వు పీల్చే గాలిలనే ఉండెనా?"

తాత దగ్గకుండా తలూపాడు.

కావ్య డబ్బాను రెండు చేతులా పట్టుకుంది. గదిలో ఒక్క చుక్క కూడా పడకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ బయటికి నడిచింది.