నీల్ గది

లండన్ అంటే ఇంగ్లండులోది కాదు, కెనడాలోది. అక్కడ రైలు పట్టాల పక్క వీధిలో ఒక పాత సామాన్ల షాపు ఉంది. దాని బేస్‌మెంట్‌కి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక కిందికి దిగితే మగగొంతు ఒకటి వినపడుతుందట... ఎవరినో పిలుస్తున్నట్టు. నీల్... నీల్... అని. అది విని ఇద్దరు పంజాబీ కుర్రాళ్లు చెప్పాపెట్టకుండా పని మానేశారు. అందరూ దాన్ని నీల్ గది అనేవారు.

ఖమ్మం నుంచి చదువుకోడానికి వచ్చిన ధాత్రికి ఈ సంగతి తెలుసు. తెలిసే చేరింది. పార్ట్‌టైమ్ ఉద్యోగం ఒకటి పడితే వీధి చివరిదాకా స్టూడెంట్లు క్యూ కట్టే రోజులవి. దెయ్యానికి భయపడితే రెంటు ఎవరు కడతారు?

డిసెంబరులో ఒక సాయంత్రం. అప్పటికే బయట చీకటి, మంచు. షాపు యజమాని వాల్టర్‌కి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పి. "ధాత్రీ, కిందనుంచి ఇత్తడి లాంతరు తెచ్చిపెట్టవా?" అన్నాడు.

దిగింది. బల్బు మసకగా వెలుగుతోంది. గోడకి ఎప్పటిదో మిలిటరీ రైఫిల్ వేలాడుతోంది. దాని కిందే లాంతరు. వంగి చెయ్యి చాపింది...

చెవి పక్కనే ఎవరో ఊపిరి పీల్చారు.

ధాత్రి కదల్లేదు. ఆ ఊపిరి మెల్లగా మాటయింది. ఎండిపోయిన గొంతు —

"నీళ్లు... నీళ్లు..."

అది నీల్ కాదు. తెలుగు.

తెలియని భాష అయితే అంత భయం వేసేది కాదేమో. ఇది మన మాట. పక్కింటాయన అడిగినట్టు అడుగుతోంది. లాంతరు అక్కడే వదిలేసి, మెట్ల మీద పడుతూ లేస్తూ పైకొచ్చింది.

ఆమె మొహం చూడగానే వాల్టర్‌కి అర్థమైంది. "నీల్‌ని పిలిచాడు కదూ?"

"ఎవరు వాల్టర్ అతను?"

"మా నాన్న రెండో ప్రపంచ యుద్ధం నుంచి తెచ్చాడు, కింద గోడకున్న ఆ రైఫిల్. ఇటలీలో ఒక రాత్రి బాంబుల వానలో కందకంలో చిక్కుకున్నాడు. పక్కన దెబ్బతిన్న ఇండియన్ సిపాయి. తెల్లవార్లూ నీల్, నీల్ అని కలవరించాడట. నాన్న కూడా నీల్ అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. ఎవరూ రాలేదు. తెల్లారేసరికి అతను పోయాడు. నీల్ అతని స్నేహితుడనుకుని, ఇద్దామని ఆ సిపాయి రైఫిల్ తెచ్చాడు. చనిపోయేదాకా ఆ నీల్ కోసం వెతుకుతూనే ఉన్నాడు."

ధాత్రి మెట్ల వైపు ఒకసారి చూసింది. తర్వాత అడిగింది. "ఆ రాత్రి మీ నాన్నగారి దగ్గర నీళ్లున్నాయా?"

"ఉన్నాయి. నడుముకి నిండు సీసా. ఎందుకు?"

చెప్పింది. వాల్టర్ కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూలబడ్డాడు.

ఇద్దరూ కలిసి దిగి రైఫిల్ తీశారు. భుజానికి వేసుకునే పట్టీ కింద, చెక్క మీద మేకుతో గీసిన వంకర అక్షరాలు. ఇన్నేళ్లూ వాల్టర్ వాటిని గీతలే అనుకున్నాడు. ధాత్రి సెల్‌ఫోన్ వెలుగులో కూడబలుక్కుని చదివింది — గొర్లె లింగయ్య, చీపురుపల్లి.

ఆమె క్లాస్‌మేట్ దీక్షిత్‌ది ఆ వైపే. ధాత్రి తీసిన ఆ అక్షరాల ఫోటో అతను వాళ్ల మామయ్యకి పంపాడు, ఆయన ఊళ్లో వాకబు చేశాడు. లింగయ్య మద్రాసు పటాలంలో చేరి వెళ్లాడనీ, మళ్లీ రాలేదనీ తేలింది. ఆయన వెళ్లాక పుట్టిన కూతురు ఉంది. ఈశ్వరమ్మ. ఎనభై దాటిన మనిషి.

ఆదివారం, ఇంకా తెల్లవారకముందే షాపు తెరిచారు. చీపురుపల్లిలో అప్పుడు దీపాలు పెట్టే వేళ. ధాత్రి వీడియో కాల్ పెట్టి కిందికి దిగింది. వాల్టర్ గ్లాసు నిండా నీళ్లు తెచ్చి రైఫిల్ పక్కన పెట్టాడు.

"మా అయ్య దగ్గరున్న తుపాకీ ఇదేనా, అమ్మా?" ఫోన్లో ముసలావిడ తెరకి మరీ దగ్గరగా వచ్చి చూస్తోంది. "నాను ఆయన మొకం సూడ్నేదు. ఆయనా నన్ను సూడ్నేదు."

బల్బు ఒకసారి తగ్గి, మళ్లీ వెలిగింది. గదిలో చలి బిగుసుకుంది. ధాత్రికి వీపు మీద ఎవరో వచ్చి నిలబడ్డట్టు అనిపించింది. తిరగలేదు... తిరగదల్చుకోలేదు.

అదే గొంతు. కానీ ఈసారి ఎండిపోయి లేదు. భుజం మీదుగా ఫోన్లోకి తొంగిచూస్తూ అడిగినట్టు, మెల్లగా —

"పిల్లకి పేరేటెట్టినారు?"

వాల్టర్ గొణిగాడు. "ఏమంటున్నాడు?"

ధాత్రి ఫోన్‌ని కాస్త భుజం వైపు ఎత్తి పట్టుకుంది. అవతల ముసలావిడ ఎవరడిగారని అడగలేదు. కొంగు నెత్తి మీదకి లాక్కుంది.

"ఈశ్వరమ్మని ఎట్టినారు, అయ్యా."