ఎదురు మేడ చొక్కా

ఆ ఎదురు మేడ సంగతి నీకు చెప్పకూడదనే అనుకున్నా అమ్మాయ్. కానీ నువ్వు ఆ బొమ్మ కావాలని పట్టుబట్టావు. అమ్మ వేసిన ఆఖరి బొమ్మ, మా ఇంట్లో గోడకి పెట్టుకుంటా పెద్దమ్మా, అని మూడుసార్లు ఫోన్ చేశావు. ఇవ్వను. ఎందుకివ్వనో చెప్తా, విను. కింద మందుల షాపతను ఫోన్లో ఈ గుండ్రటిది నొక్కి పట్టుకుని మాట్లాడితే మాటలన్నీ నీకు చేరతాయన్నాడు. నొక్కే ఉన్నా. నువ్వు మధ్యలో నోరు పెట్టడానికి లేదు, అదొక్కటే హాయి.

ఆ మేడకి మంచి పేరు లేదు. మా బాల్కనీకి సరిగ్గా ఎదురు, సందుకి అవతల. కింద గదికి తాళం, పై గదికి తాళం. పై గదికి ఒకటే కిటికీ, దానికి రెక్కల్లేవు. అద్దెకొచ్చినవాళ్లు ఎవరూ నెల తిరిగేదాకా ఉండలేదు. రంగులెయ్యడానికొచ్చిన ఇద్దరు ఇనప నిచ్చెన గోడకే వదిలేసి పోయారు. మళ్లీ దానికోసం కూడా రాలేదు. అది అక్కడే తుప్పు పట్టి ఉంది.

సందులోవాళ్లు ఏమంటారంటే... అందులో ఉన్నది ఎవరి జోలికీ రాదట. ఆ కిటికీ వంక చూడకపోతే చాలట. చూస్తూ కూర్చున్నవాళ్ల దగ్గరికే — వస్తుందట.

ముప్పై ఏళ్లుగా దానికి ఎదురుగానే బతుకుతున్నా. నాకేం కాలేదు. నేను పని మీంచి తలెత్తితేగా.

మీ నాన్న పోయాక మీ అమ్మ నా దగ్గరకొచ్చేసింది కదా. నేను కత్తిరించేదాన్ని, తను కుట్టేది. చొక్కాలు, లాగులు, ఆస్పత్రివాళ్ల కోట్లు. బాగానే జరిగిపోయేది. అరవై మూడో ఏట దానికి బొమ్మల పిచ్చి పట్టింది. లైబ్రరీ మేడ మీద పెద్దవాళ్లకి బొమ్మలు నేర్పుతారని ఎవరో చెవిలో ఊదారు. ఆదివారం ఆదివారం వెళ్లేది. ఈ వయసులో రంగులేంటే, మూతికి కూడా పూసుకొస్తున్నావు, అని దెప్పేదాన్ని. నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండేది. దాచుకుని ఏం చేసుకుంటా ఇప్పుడు.

చీకటి పడగానే మిషను నాకొదిలేసి, బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేది. మిగిలిన కుట్టుపనంతా నా నెత్తిన. అందుకే నేను మిషను ఇటు తిప్పుకుని, దానికి వీపు పెట్టి కూర్చునేదాన్ని. కావాలనే.

మాస్టారు ఏదో పాఠం ఇచ్చాడట. రాత్రి వెలుగు పట్టుబడాలంటే ఒకే చోటు, ఒకే వేళ, రోజూ చూసి వెయ్యాలట. నీకు తెలిసింది కాదు, కంటికి కనపడిందే వెయ్యాలట. మరి మా బాల్కనీలోంచి వీధి దీపం వెలుగు కనపడేది ఎక్కడ? ఆ కిటికీ మీద.

వద్దన్నాను. అది మాత్రం అన్నాను అమ్మాయ్. దాని వంక చూడకే, లోకమంతా ఏదో అంటోంది, అన్నాను.

"లోకం నిన్ను గయ్యాళి అంటోందక్కా. నేను నీతో ఉండట్లేదా?" అంది.

సూదికి దారం ఎక్కించుకున్నా నేను.

ఇక్కణ్ణుంచి నేను చూసింది కాదు. వీపు వెనక నుంచి విన్నది.

మొదటి రాత్రి — కిటికీలో ఎవరో చొక్కా ఆరేశారక్కా, బూడిద రంగుది, అంది. ఖాళీ కొంపలో ఎవరారేస్తారే అన్నా. ఏమో, కనపడుతోంది, వేస్తున్నా అంది. బొమ్మలవాళ్లు చెయ్యి బారుగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిలు మీద గోరు పెట్టి కొలుస్తారట. మీ అమ్మ పెన్సిలుకి బదులు మన టేపు పట్టుకునేది. అంత దూరం నుంచి కిటికీ రెండంగుళాలు. చొక్కా అరంగుళం. టేపులో ఎంతొస్తే కాగితం మీద అంతే వేసి, అంచున రాసుకుంది కూడా. నాకు చదువు రాకపోయినా టేపు మీద అంకెలు వచ్చు.

రెండో రాత్రి — నిన్న కొలత తప్పినట్టున్నా, అంగుళం వస్తోంది, అని చెరిపి మళ్లీ వేసింది.

మూడో రాత్రి ఒకటిన్నర. మళ్లీ చెరిపింది.

నాలుగో రాత్రి... మూడు.

కిటికీయే రెండంగుళాలైతే అందులో చొక్కా మూడెలా ఉంటుందే, నీ టేపు సాగిపోయింది, అన్నా. పాత టేపులు సాగుతాయి, దానికీ తెలుసు. సొరుగులోంచి కొత్తది తీసి, తల తిప్పకుండానే వెనక్కి విసిరా. తర్వాత మెల్లగా చెప్పింది. కొత్తదాంతో కొలిచినా మూడేనట. అది కిటికీలో లేదట. సందు మీద కేబుల్ తీగ పోతోంది చూడు, ఎవరో దాని మీదికి మార్చారేమో అంది.

ఐదో రాత్రి గొంతు మారింది. హ్యాంగర్ లేదక్కా అంది. తీగకి క్లిప్పు కూడా లేదు. కానీ... భుజాలు నిండుగా ఉన్నాయి అంది.

నా కాలు మిషను మీద ఆగిపోయింది.

ఉత్త చొక్కాకి భుజాలు నిలబడవమ్మాయ్. జారిపోతాయి. లోపల ఒళ్లుంటేనే నిండుతాయి. నలభై ఏళ్లు కుట్టినదాన్ని, నాకు తెలీదా? దానికి తెలీదా?

"ఒక్కసారి వచ్చి చూడక్కా" అంది.

నేనేమన్నానో తెలుసా? కొలతలు తీసేసుకో, ఆర్డరు దొరికినట్టే, అన్నాను. అని మళ్లీ మిషను తొక్కా.

లేచి లోపలికి రావచ్చుగా అమ్మ, అనుకుంటావు నువ్వు. వస్తే నేనేమంటానో దానికి తెలుసు. చెప్పానా, నా మాట విన్నావా, ఈ వయసులో నీకు రంగులు కావాల్సొచ్చాయా — తెల్లారేదాకా అంటాను. అక్కడ ఉన్నదాని కంటే నా నోరంటేనే దానికి భయం. అందుకే కూర్చుంది.

ఆరో రాత్రి సందంతా తొందరగా సద్దుమణిగింది. నేను కాలర్లు తిప్పుతున్నా. వెనక నుంచి బ్రష్షు నీళ్లలో కదిపిన చప్పుడు. టేపు విప్పిన చప్పుడు... ఆగి, మళ్లీ విప్పిన చప్పుడు. కుర్చీ కాస్త వెనక్కి జరిపింది. గోడకి తగిలింది కుర్చీ. ఇంక జరగడానికి చోటు లేదు అక్కడ.

అప్పుడంది, ఊపిరంత గొంతుతో —

"అక్కా... టేపు చాలట్లేదు."

పొద్దున ఇంకోటి ఇస్తాలే, అన్నా.

అంతే. ఇంక మాట లేదు. అలిగిందనుకున్నా. అలిగిందనే అనుకుని నాలుగు కాలర్లు పూర్తి చేశా. దారం తెంపి, లైటు తీసేద్దామని లేచి తిరిగితే... కుర్చీలో కూర్చునే ఉంది మీ అమ్మ. చేతిలో బ్రష్షు, బ్రష్షుకి తడి. కళ్లు తెరిచే ఉన్నాయి. బాల్కనీలో ఇంకేమీ లేదు.

గుండె ఆగింది అన్నాడు డాక్టరు. ఆ వయసుకి మామూలే అన్నాడు. నువ్వూ నమ్మావు. అదే నమ్ముకో, నీకు మంచిది.

బొమ్మ సంగతికొస్తున్నా. దాంట్లో మేడ లేదు, కిటికీ లేదు. కాగితమంతా బూడిద రంగు అలికేసి ఉంది. ఆ చివరి రాత్రి చేతకాక పాడు చేసుకుందనుకున్నా. పోయిన వారం మాస్టారు తనిచ్చిన బొమ్మ పెట్టుకునే చెక్క తిరిగి అడిగితే, బొమ్మతో సహా పట్టుకెళ్లా. ఆయన దాన్ని కిటికీ దగ్గర పెట్టి, వెనక్కి వెనక్కి నడిచి, గుమ్మం దాకా వెళ్లి చూశాడు. తర్వాత నా వంక అదోలా చూశాడు.

"పాడు చెయ్యలేదమ్మా. బాగా దగ్గరున్నదాన్ని వేసింది" అన్నాడు.

అప్పుడు కనపడింది నాకు. నిలువు పోగు, అడ్డం పోగు. ముతక గుడ్డ. కింద మూలగా ఒక కాజా, కాజాలో గుండీ. టేపు తీసి పెట్టా. మనం కుట్టే కాజా ఎంతో సరిగ్గా అంతే. ఎడంగా ఉన్నది టేపులో చిన్నగానే వస్తుంది. అసలు కొలత ఎప్పుడొస్తుంది చెప్పు? టేపు దానికి ఆనించినప్పుడు.

ఇంటికి తెచ్చి కత్తెర పెట్టా. కాగితమే కదా అది. కాగితం తెగిన చప్పుడు రాలేదమ్మాయ్. గుడ్డ తెగిన చప్పుడు వచ్చింది. నా చేతికి తెలుసు ఆ చప్పుడు. ముక్కముక్కలుగా కోసి పారేశా. అందుకని ఇవ్వడానికి లేదు. ఉన్నా ఇవ్వను. గోడకి పెట్టుకుని దాని వంకే చూస్తూ కూర్చుంటావు నువ్వు. చూడ్డమే వద్దంటున్నా.

చూస్తే నేను చూస్తా.

నాలుగు రోజులుగా మీ అమ్మ కుర్చీలోనే కూర్చుంటున్నా. రమ్మంటే రానిదాన్ని, ఇప్పుడొచ్చా. నాకు బొమ్మలు వెయ్యడం రాదు. కొలవడం వచ్చు. మొదటి రాత్రి ఏమీ లేదు. మొన్న అరంగుళం. నిన్న రెండు. ఇందాక ఈ ఫోను నొక్కినప్పుడు ఐదు.

వేలు నొప్పెడుతోంది. సరే విను. నువ్వు ఈ సందులోకి రాకు. రేపు నేను ఫోన్ ఎత్తకపోతే మందుల షాపతన్ని పైకి పంపు, నువ్వు మాత్రం రాకు.

లోపలికి వెళ్లిపోతానని అనుకుంటోందేమో అది. రానీ. ఇంకా దగ్గరికి రానీ... నిజమే, భుజాలు నిండుగానే ఉన్నాయి. ఆ గుడ్డ తెగుతుందని నాకు తెలిసిపోయింది. కత్తెర ఒళ్లోనే ఉంది.

ఉంటానమ్మాయ్. రెండు చేతులూ కావాలి నాకు.