శుక్రవారం తెగని గీత

పొయ్యి మీద చాయ్ పొంగుతున్నా ఎస్తేరు చూపు మంచం మీదే ఉంది. భర్త ఏసయ్య వెల్లకిలా పడుకుని గుర్రు పెడుతున్నాడు. గుర్రు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎస్తేరు కూడా ఊపిరి బిగబట్టింది. కాసేపటికి ఆయన ఉలిక్కిపడ్డట్టు గాలి పీల్చుకున్నాడు. ముక్కుకు ఉండాల్సిన మాస్కు దిండు పక్కన పడి ఉంది.

"మళ్ల తీసేసినవా! చెప్తే చెవికెక్కదా నీకు?"

"పెట్టుకునే పండుకున్న. ఎప్పుడు ఊడిందో నాకేం తెల్సు?" అన్నాడు కళ్లు నులుముకుంటూ.

ఆ జవాబు విని విని ఆమెకు విసుగొచ్చింది. ఆర్మూరు నుంచి పసుపు బస్తాల వ్యాను నడిపే మనిషి, డిచ్‌పల్లి దగ్గర పట్టపగలు స్టీరింగు మీదే కునుకు తీసి బండిని పొలంలోకి దింపాడు. దేవుని దయవల్ల బతికాడు. నిద్రలో ఊపిరి ఆగిపోతోందనీ, రాత్రంతా ముక్కుకు గాలి పంపే మిషన్ పెట్టుకోకపోతే గుండె తట్టుకోదనీ నిజామాబాద్ డాక్టరు చెప్పాడు. దుబాయిలో ట్యాక్సీ నడిపే కొడుకు దయాకర్ ఆ మిషన్ పంపించాడు. పంపినవాడు పంపాడు, పెట్టుకునేవాడికి బుద్ధుండొద్దూ!

డాక్టరు మళ్లీ రమ్మన్నది ఆ రోజే. మిషన్‌లోని చిన్న కార్డు తీసి కొంగుకు ముడేసుకుని, మొగుణ్ణి బస్సెక్కించింది ఎస్తేరు.

డాక్టరు కార్డును కంప్యూటర్‌లో పెట్టాడు. తెర నిండా నీలం గీతలు, ఒక్కో రాత్రికి ఒక్కటి.

"గీత ఉన్నంతసేపు మాస్కు ముఖానికి ఉన్నట్టమ్మా. అప్పుడు ఊపిరి బాగానే ఆడుతోంది. నడిరాత్రి దాటాక గీత తెగుతోంది, మళ్లీ మొదలు కావట్లేదు. దానంతటది ఊడితే రోజుకో వేళ ఊడాలి కదా! రోజూ అదే వేళకు ఈయనే తీసి ఆపేస్తున్నారు."

ఏసయ్య తల దించుకున్నాడు. ఎస్తేరు తెర మీద వేలు పెట్టింది.

"గీ ఒక్కటి తెగలే గద సారూ?"

"అవును. వారానికొక్క రాత్రి తెల్లారేదాకా పెట్టుకున్నారు. అన్నీ శుక్రవారాలే. ఎందుకో నాకూ అర్థం కాలేదు."

'శుక్రవారం నాకు డ్యూటీ ఉండదమ్మా, రూముల్నే ఉంట' అని ఫోన్‌లో కొడుకు చెప్పే మాట ఎస్తేరుకు గుర్తొచ్చింది. బయటికి రాగానే మొగుణ్ణి బల్ల మీద కూర్చోబెట్టింది.

"నిజం చెప్పు. పోరనికేమైంది?"

"ఏం కాలే."

"నా మీద ఒట్టేసి చెప్పు!"

ఏసయ్య నోరు విప్పాడు. "ఆని రూముల ఉండే పిల్లగాడు రాత్రి డ్యూటీల యాక్సిడెంటై సచ్చిపోయిండు. గప్పటిసంది, రూముకు రాంగనే మిస్‌డ్ కాల్ ఇయ్యి బిడ్డా అని దయాకర్‌కు చెప్పిన. ఆని డ్యూటీ అయిపోయే వేళకు నాకు మెలుకువైతది. మాస్కుంటే మస్తు నిద్ర పడ్తది, ఫోన్ ఇనబడదని తీసేస్త. కాల్ రాంగనే పానం కుదుటపడి గట్లనే పండుకుంట. సగం రాత్రి పెట్టుకున్న గద, చాలదా అనుకున్న."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు ఫికర్ చేస్తవని."

"ఫికరా! ఆణ్ని నువ్వొక్కనివే కన్నవా? రోజూ పొద్దుగాల నీ ముక్కుకాడ ఏలు పెట్టి, ఊపిరున్నదా లేదా అని చూస్తున్న నేను. గది ఫికర్ కాదా?" ఎస్తేరు బావురుమంది. దవాఖానకొచ్చిన వాళ్లంతా చూస్తున్నా పట్టించుకోలేదు.

"తప్పైంది ఎస్తేరూ" అని ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె ముక్కు చీదుకుని, ఆయన జేబులోంచి ఫోన్ లాక్కుంది. "ఇగ గిది నా దిండు కింద ఉంటది, మిషన్ నీ ముక్కుకుంటది. కాల్ రాకుంటే నిన్ను లేపుత. వస్తే లేప."

మర్నాడు కిటికీలోంచి ఎండ ముఖాన పడితే గానీ ఏసయ్యకు మెలకువ రాలేదు. మాస్కు పీకి గాబరాగా లేచి కూర్చున్నాడు. చెంపల మీద పట్టీల అచ్చులు ఎర్రగా పడ్డాయి. ఎస్తేరు కళ్లూ ఎర్రగానే ఉన్నాయి.

"అయ్యో, తెల్లారిపాయె! కాల్ వచ్చిందా? నన్ను లేపకపోతివి!"

ఎస్తేరు చాయ్ గ్లాసు ఆయన చేతిలో పెట్టి, కొంగుతో ఆ చెంపలు తుడిచింది.

"నిన్ను లేపలేదంటే బిడ్డ రూముకు చేరినట్టేనయ్యా. తాగు."